చంకలోకి చేరిన కెటిల్

ఆమె కుడిచెయ్యి ఒక చిత్తు పుస్తకం. మణికట్టు నుంచి మోచెయ్యి దాకా ఏడు బొమ్మలుండేవి, ఏడూ వంకరే. చేప అని మొదలై చెప్పుగా తేలింది ఒకటి. చందమామ ఒకటి, చూసినవాళ్ళందరూ దాన్ని పుచ్చకాయ ముక్క అనే అనుకునేవారు. ఎక్కబోతే కచ్చితంగా పడిపోయేలాంటి నిచ్చెన ఒకటి. గులాబీ ఒకటి, అదొక్కటే ఎర్రది, క్యాబేజీకి కోపం వచ్చినట్టుండేది. మిగతా మూడూ ఏమిటో వేసినవాళ్ళకే తెలియాలి, వాళ్ళూ ఈపాటికి మర్చిపోయి ఉంటారు.

ఆమె పచ్చబొట్లు వేస్తుంది. బస్టాండుకి ఎదురుగా, తాళాలు బాగుచేసే కొట్టుకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య ఇరుక్కుని ఉన్న ఆరడుగుల గది ఆమెది. లోపల వాలుకుర్చీ ఒకటి, మెడ వంచే దీపం ఒకటి, గోడ నిండా బొమ్మల కాగితాలు. మెషిన్ ఆన్ చేస్తే పెద్ద తుమ్మెద ఒకటి గదిలోకి వచ్చి దారి మర్చిపోయినట్టు ఉంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ తుమ్మెదని ఆమె కుడిచేత్తోనే పట్టుకుంది. వీధివీధంతా ఆమెని సూదక్క అంటారు. కన్నతల్లి పెట్టిన పేరు రేషన్ కార్డులో కూర్చుని విశ్రాంతి తీసుకుంటోంది.

ఆమెకి పని నేర్పిన ముసలాయన ఒక నియమం పెట్టి పోయాడు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు మొదటి బొమ్మ తోలు మీదా పండుతొక్క మీదా వెయ్యకూడదు, నేర్పేవాళ్ళ చేతిమీద వెయ్యాలి. అదీ ఏ చేత్తో నేర్పేవాళ్ళు పనిచేస్తారో ఆ చేతిమీదే. సూది ఎంత లోతుకి దిగుతోందో చూసి చెప్పడం కాదు, గుచ్చించుకుని చెప్పాలి, గుచ్చే చెయ్యి దాని నొప్పి మర్చిపోకూడదు అనేవాడు. అందుకే ఏడుగురు వచ్చినప్పుడు ఏడుసార్లూ ఆమె స్లీవు పైకి మడిచి కుడిచెయ్యి చాపింది. కళ్ళు మూసుకుని, సముద్రం అడుగున ఏదో వింటున్నట్టు మొహం పెట్టి, ఒకే మాట అనేది: "లోతు తగ్గించు."

ఎనిమిదో బొమ్మ సంగతి చెప్పాలంటే ముందు బఠానీ గింజ సంగతి చెప్పాలి.

యాభై రెండో ఏట, ఒక ఆదివారం స్నానం చేస్తుంటే, కుడి రొమ్ములో బఠానీ గింజంత గట్టిది చేతికి తగిలింది. చర్మంతో ఇన్నేళ్ళు కాపరం చేసిన మనిషి. వేళ్ళకి తెలిసిపోయింది, అది అక్కడ ఉండాల్సింది కాదని. ఫొటో తీశారు, సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు, క్యాన్సరే అన్నారు. చిన్నది, తొందరగా దొరికింది అంది డాక్టరమ్మ. పొట్టి జుట్టు, పెద్ద కళ్ళజోడు, మాట్లాడుతున్నంతసేపూ కాగితం మీద బొమ్మలు గీసే అలవాటు ఆవిడకి. అందుకే సూదక్కకి ఆవిడ వెంటనే నచ్చింది.

డాక్టరమ్మ ఒక రొమ్ము గీసింది, పక్కన ఒక చంక గీసింది, చంకలో చిక్కుడు గింజల్లాంటివి గుప్పెడు గీసింది. ఒంట్లో నీరు ఈ గింజల గుండా వడకట్టుకుంటూ పోతుందట. క్యాన్సర్ ఇల్లు దాటి బయటికి వెళ్ళాలనుకుంటే చాలాసార్లు మొదట ఆగే గుమ్మం ఇదేనట. దాటిందా లేదా అన్నదే ఇప్పుడు ప్రశ్న. దాటకపోతే గడ్డనీ, మొదటి ఒకటి రెండు గింజలనీ తీసేస్తే సరిపోతుంది. దాటితే చికిత్స పెద్దదవుతుంది, చంకలో గింజలన్నీ ఊడ్చెయ్యాల్సి రావచ్చు, అప్పుడు కొందరికి చెయ్యి వాచిపోతుంది, బరువెక్కుతుంది, సన్న పనులకి లొంగదు.

"ఈ చెయ్యేనా?" అని సూదక్క కుడిచెయ్యి ఎత్తి చూపించింది.

డాక్టరమ్మ ఏడు బొమ్మలనీ చూసింది. చెప్పు దగ్గర కాసేపు ఆగింది. ఆ చెయ్యే అంది. స్కానింగులో చంకలో ఒక గింజ కాస్త బొద్దుగా కనిపించింది, అదేమీ కాకపోవచ్చు, కానీ ఒళ్ళంతా చూసే పెద్ద స్కాన్ ఒకటి తీయిద్దాం అంది. దానికి తేదీ మూడు వారాల తర్వాత దొరికింది.

ఆమె భర్త సిటీ బస్సు నడుపుతాడు. దిగులు వస్తే మనిషి మాట మానేసి బ్రెడ్డు తింటాడు. ఆ రాత్రి ఒక పొట్లం మొత్తం తిని, అంచు ముక్కలు కూడా మిగల్చకుండా, కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాడు. మాట్లాడింది అత్తగారొక్కతే. డెబ్భై ఒకటో ఏడు ఆవిడకి. నలభై ఏళ్ళు కుట్టుమిషన్ తొక్కి, కళ్ళు సహకరించడం లేదని మానేసి, కొత్త కళ్ళజోడు వచ్చాక మానేసినందుకు పశ్చాత్తాపపడుతున్న మనిషి.

"నువ్వు ఆసుపత్రిలో పడుకుంటే కొట్టు ఎవరు తీస్తారు? నాకు నేర్పు," అంది.

సూదక్క నవ్వింది. బఠానీ గింజ దొరికాక నవ్వడం అదే మొదలు. అత్తయ్యా, ఇది రవికకి కాజాలు కుట్టడం కాదు అంది. సూది సూదే కదమ్మాయ్, నేను పుట్టినప్పటినుంచీ సూదితోనే ఉన్నాను, నువ్వు మొన్న వచ్చావు అంది అత్త. బస్సాయన బ్రెడ్డు నములుతూ అటూ ఇటూ చూశాడు. ఆ ఇంట్లో ఆ ఇద్దరి మధ్యకి వెళ్ళకూడదని పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే కొట్లో వాలుకుర్చీ పక్కన ఎత్తుపీట వేశారు. అత్త చేతికి గ్లౌజులు తొడిగింది, అవి ఆవిడకి పెద్దవై వేళ్ళ చివర చిన్న చిన్న జెండాల్లా ఊగాయి. ఏం వేస్తారు అంటే హంస అంది. చెరువులో తేలుతున్న హంస, మెడ ఇలా వంపు తిరిగి ఉండాలి అని గాల్లో చూపించింది. గాల్లో అది చాలా అందంగా వచ్చింది.

సూదక్క స్లీవు మడిచింది. మోచేతి పైన, ఏడో బొమ్మకి ఆనుకుని, అరచెయ్యంత ఖాళీ ఉంది. తుమ్మెద మేలుకుంది. సూది దిగింది, దిగీ దిగగానే సూదక్క అరికాళ్ళు ముడుచుకున్నాయి.

"లోతు తగ్గించండి అత్తయ్యా. అది కోటు కాదు."

రెండు గంటలు పట్టింది. మెడ వంపు తిరిగింది కానీ పొడుగు చాల్లేదు, ముక్కు దగ్గరకొచ్చేసరికి లావైపోయింది. రెక్క వెయ్యబోతే గుండ్రంగా వచ్చి వీపు మీద చిన్న గుబ్బలా నిలిచింది. తోక వెనక్కి తిరిగి వచ్చి నడుముని పట్టుకుంది. తుడిచి చూస్తే అది టీ కెటిల్. మూతీ, పిడీ, కొమ్మూ అన్నీ ఉన్నాయి. కొమ్ములోంచి ఆవిరి ఒక్కటే తక్కువ. తాళాలాయన తొంగి చూసి, అక్కా ఎంత బాగుందో, మా ఇంట్లో అచ్చం ఇలాంటిదే ఉంది అన్నాడు. అత్త అతనితో మాట్లాడటం మానేసింది.

ఇంకో సంగతి కూడా జరిగింది. స్కాన్ కి వెళ్ళే రోజు అత్త బీరువాలోంచి పొడుగు చేతుల స్వెటర్ తీసి కోడలికి తొడిగింది. చలికి కాదు. ఆ చెయ్యి వేసుకుని ఆసుపత్రికి వెళ్తే, ఇది ఎవరు వేశారని అడిగితే ఏం చెబుతావు అని. కెటిల్ పరువు అత్త పరువుగా మారి అప్పటికి ఇరవై రోజులైంది.

ఆ స్కాన్ చేసే పద్ధతి సూదక్కకి భలే నచ్చింది. పొద్దున్నుంచి ఏమీ తినకూడదు. తర్వాత ఎడమచేతి నరంలోకి ఒక రకం చక్కెర ఎక్కిస్తారు, దానికి మిణుకుమనే గుణం కలిపి ఉంటుంది. ఒంట్లో ఎక్కడ పని ఎక్కువ జరుగుతోందో అక్కడికి ఆ చక్కెర పరిగెడుతుంది. క్యాన్సర్ కి ఆకలి ఎక్కువ, కాబట్టి అది ఎక్కడుంటే అక్కడ వెలుగు కనిపిస్తుంది. చక్కెర ఎక్కించే ముందు అక్కడి టెక్నీషియన్, కాగితం మీద టిక్కులు పెడుతూ, వరసగా అడిగాడు: షుగర్ ఉందా, గర్భం లేదు కదా, ఈ నెలలో ఈ చేతులకి టీకా గానీ సూది గానీ దెబ్బ గానీ ఏమైనా?

లేదంది సూదక్క.

అబద్ధం కాదు. రొట్టెలు కాల్చేవాణ్ణి ఈమధ్య పిండేమైనా తగిలిందా అని అడిగితే ఏమంటాడు? సూది అంటే ఆసుపత్రి సూది అనుకుంది ఆమె. కొట్లో గుచ్చుకునేది సూది కాదు, బతుకు. దానికి టిక్కు పెట్టే గడి ఏ కాగితం మీదా ఉండదని ఆమె నమ్మకం.

గంటసేపు చీకటి గదిలో కదలకుండా, మాట్లాడకుండా పడుకోబెట్టారు. ఆమె పైకప్పు వైపు చూస్తూ తనలో నడుస్తున్న వెలుగుని ఊహించుకుంది. మిణుగురులు వీధుల్లో తిరుగుతున్నాయి. గుండె దగ్గర కాసేపు ఆగాయి, అక్కడ ఎప్పుడూ దీపం వెలుగుతూనే ఉంటుంది. మెదడులో పండగ లాంటి హడావుడి. చంక దగ్గరకి వెళ్ళొద్దర్రా అని వాటిని బతిమాలుకుంది. అక్కడ ఏమీ లేదు, వెనక్కి రండి, రండి.

అవి వెళ్ళాయి.

రెండు రోజుల తర్వాత డాక్టరమ్మ కంప్యూటర్ తిప్పి చూపించింది. నల్లటి ఒంట్లో రొమ్ము దగ్గర ఒక చుక్క వెలుగుతోంది, అది తెలిసిందే. కుడి చంకలో ఇంకొకటి, దానికంటే గట్టిగా. సూదక్కకి అది ఎవరో ఇంట్లో లైటు ఆర్పడం మర్చిపోయినట్టు కనిపించింది. బస్సాయన చేతిలో బ్రెడ్డు లేదు, అందుకని టేబుల్ మీది పేపర్ వెయిట్ ని రెండు చేతులా పట్టుకున్నాడు.

వెలుగు కనిపించినంత మాత్రాన క్యాన్సరే అనుకోవద్దు అంది డాక్టరమ్మ. ఒంట్లో వాపు ఉన్నా, ఏదైనా పుండు మానుతున్నా ఇలాగే వెలుగుతుంది. స్కాన్ చోటు చూపిస్తుంది గానీ, అక్కడ ఉన్నదేమిటో దాని పేరు చెప్పదు. పేరు చెప్పాలంటే ముక్క తీసి మైక్రోస్కోపులో చూడాలి.

మూడో రోజున తీశారు. చంక మొద్దుబారేలా మందు ఇచ్చి, స్కానింగ్ తెర మీద ఆ బొద్దు గింజని చూస్తూ సన్నటి సూది పంపారు. సూదక్క తెరవైపే చూస్తోంది. సూది చర్మంలోకి దిగిన తీరు గమనించి, వాలు బాగుంది, చెయ్యి వణకలేదు అని మెచ్చుకుంది. సూది పట్టుకున్న కుర్ర డాక్టరుకి ఆ ఏడాది దొరికిన మొదటి మెప్పు అది. మూడుసార్లు థాంక్స్ చెప్పాడు.

తర్వాతి ఐదు రోజులూ ఇంట్లో కాలం కుంటుకుంటూ నడిచింది. అత్త కొట్టు తీసి ఊరికే కూర్చుని వచ్చేది. సూదక్క రాత్రి కుడిచెయ్యి ఎత్తి, వేళ్ళు ఆడించి చూసుకునేది. సన్న గీత వేసేటప్పుడు చిటికెన వేలు ఎక్కడ ఆనుతుంది, మణికట్టు ఎక్కడ తిరుగుతుంది, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. ఇప్పుడు ఊళ్ళోంచి వెళ్ళిపోబోతున్న స్నేహితురాల్ని చూసినట్టు చూసింది.

ఆరో రోజు డాక్టరమ్మే ఫోన్ చేసి రమ్మంది. ముగ్గురూ వెళ్ళారు. గదిలోకి అడుగు పెట్టగానే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, స్వెటర్ తియ్యండి అని.

సూదక్క అత్తవైపు చూసింది. అత్త గోడమీది క్యాలెండర్ చదవడం మొదలుపెట్టింది. స్వెటర్ ఊడింది, కెటిల్ బయటపడింది. చర్మం ఇంకా కాస్త ఎర్రగా, అక్కడక్కడా పొలుసు రాలుతూ ఉంది.

"ఇది ఎప్పటిది?"

"ఇదా... కెటిలా... నెల దాటింది."

"హంస," అంది అత్త క్యాలెండర్ తోనే.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. టీకా గానీ సూది గానీ అని మా వాళ్ళు అడిగారా లేదా అంది. అడిగారంది సూదక్క. మరి చెప్పలేదేం అంది. సూది గురించి అడిగారు గానీ పచ్చబొట్టు గురించి అడగలేదు కదండీ అంది సూదక్క, అని, తన మాట తనకే వినపడి, నాలుక కరుచుకుంది.

అప్పుడు డాక్టరమ్మ విషయం చెప్పింది. గింజలోంచి తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. ఉన్నది రంగు. మైక్రోస్కోపులో చూసినాయన బెంబేలెత్తిపోయి, ఈ మనిషి సిరా తాగుతుందా అని ఫోన్ చేశాడట. చర్మంలోకి గుచ్చిన రంగు మొత్తం అక్కడే కూర్చోదు, కొంత ఒంట్లో నీటితో పాటు జారి చంకలో గింజల దాకా వచ్చేస్తుంది. ఇన్నేళ్ళ పాత రంగులతో ఆ గింజ బొద్దుగా తయారైంది. కొత్త బొమ్మ పుండు మానుతుంటే, కొత్త రంగు వచ్చి పడుతుంటే, దాన్ని సర్దుకునే పనిలో అది గసపోసుకుంది. అందుకే స్కాన్ లో వెలిగింది.

బస్సాయన నెల రోజుల్లో మొదటిసారి పూర్తి వాక్యం ఒకటి పలికాడు.

"అంటే, అమ్మ వేసిన కెటిల్ చూసి మనం ఐదు రోజులు ఏడ్చామా?"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. డాక్టరమ్మే అని సూదక్క ఇప్పటికీ అంటుంది. నవ్వు ఆ గది దాటి బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళ దాకా వెళ్ళింది, ఎందుకో తెలియకుండానే వాళ్ళలో కొందరు చిన్నగా నవ్వారు. అత్త ఒక్కతే బిగుసుకుని నిలబడింది, అదీ ఎంతోసేపు కాదు.

అయినా డాక్టరమ్మ అప్పుడే గండం గడిచిందనలేదు. సూది తీసింది చిటికెడు ముక్కే, పూర్తి నమ్మకం కుదరాలంటే ఆపరేషన్ రోజున మొదటి గింజల్ని బయటికి తీసి చూడాల్సిందే అంది. ఆ గింజలు ఏవో కనిపెట్టడానికి మామూలుగా రొమ్ములోకి నీలం రంగు ఎక్కిస్తారు, ఏ గింజ ముందు నీలంగా మారితే అదే మొదటి గుమ్మం. ఇక్కడ వచ్చిన చిక్కేమిటంటే, లోపల ముందే రంగులన్నీ కాపరం పెట్టేశాయి. నా నీలమేదో మీ నీలమేదో నాకెలా తెలుస్తుంది అని డాక్టరమ్మ తలపట్టుకుంది. అందుకని నీలంతో పాటు, చిన్న యంత్రం దగ్గర పెడితే కూతపెట్టే మందు కూడా ఎక్కించారు. ఎక్కడ కూత గట్టిగా వినిపిస్తే అక్కడ వెతికారు.

ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు సూదక్కకి మూత్రం ఆకుపచ్చగా వచ్చింది. ఆ నీలం రంగు అలాగే పోతుందని ముందే చెప్పారు, అయినా ఆమె నర్సుని పిలిచి చూపించి, ఇంత చక్కటి ఆకుపచ్చ మా రంగుల కంపెనీ దగ్గర దొరకదు, ఏం కలుపుతారో కనుక్కో అమ్మా అంది.

పదో రోజున ఫలితం వచ్చింది. మూడు గింజలు తీశారు, మూడింటిలోనూ క్యాన్సర్ లేదు. దాటలేదు. బఠానీ గింజ తన గదిలోనే ఉండి, తన గదిలోనే దొరికిపోయింది. ఇంకా కొన్ని వారాలు రొమ్ముకి రేడియేషన్ ఉంటుంది, కొన్నేళ్ళు మాత్రలు ఉంటాయి, కానీ చంకని ఊడ్చాల్సిన పని లేదు. సూదక్క ఆ మాటలు విని తలూపింది, తర్వాత గొంతు సవరించుకుని, ఏయే రంగులు కనిపించాయండీ అని అడిగింది.

డాక్టరమ్మ కాగితం తిరగేసింది. నలుపు ఎక్కువ, నీలం ఉంది, కాస్త ఎరుపు కూడా ఉంది అంది.

ఎరుపు. అయితే గులాబీ కూడా చేరిందన్నమాట. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ కోపపు క్యాబేజీ వేసిన అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో. చేప, చందమామ, నిచ్చెన, అన్నీ మెల్లగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళి, ఆమె గుండెకి జానెడు దూరంలో గుమ్మం దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నాయి. ఎవరికీ తెలియదు. ఆమెకీ తెలియదు. తెలిసినరోజున వాటిలో మూడు గింజలంత సీసాలోకి వెళ్ళిపోయాయి, మిగతావి ఇంకా అక్కడే ఉన్నాయి.

లేవబోతుంటే డాక్టరమ్మ ఇంకో మాట అంది. ఇకమీదట ఆ చేతికి సూది తగలకూడదు, ఆసుపత్రి సూది గానీ, కొట్లో సూది గానీ, ఏ సూది గానీ అని ఒక్కొక్కటీ వేరువేరుగా చెప్పి, చివర్లో అత్తవైపు చూసి ఆగింది.

రేడియేషన్ సాగిన ఆ వారాల్లో కొట్టు అత్తే నడిపింది. హంస తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు, ఎన్ని హంసలు మొదలుపెట్టినా అన్నీ కెటిళ్ళే అయ్యాయి. కానీ చంకలో వెలిగిన కెటిల్ కథ బస్టాండు అంతా పాకింది. బస్సాయన తోటి డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చుని, మాక్కూడా అదే కావాలి అన్నారు. పన్నెండుమంది చేతులకి కెటిళ్ళు వచ్చాయి. ఎదురెదురుగా రెండు బస్సులు దాటుకున్నప్పుడు డ్రైవర్లు కిటికీలోంచి కెటిల్ ఎత్తి చూపించుకోవడం మొదలైంది. తాళాలాయన కూడా వేయించుకున్నాడు. అత్త అతనితో మళ్ళీ మాట్లాడింది.

ఇంట్లో సూదక్క రోజూ గోడవైపు తిరిగి నిలబడి, కుడిచేతి వేళ్ళని సాలీడులా పైకి పాకించేది. చంక బిగుసుకోకుండా ఆసుపత్రిలో చెప్పిన వ్యాయామం అది. ఎంత ఎత్తు అందుకుంటే అక్కడ అత్త సుద్దముక్కతో గీత పెట్టేది. మొదటి గీత భుజం దగ్గర ఉంది. ఒకటిన్నర నెలకి గీతలు గడియారం దాకా వెళ్ళాయి. ఆ రోజు సూదక్క గడియారం తీసి, ముల్లు సరిచేసి, మళ్ళీ తగిలించింది.

మర్నాడు కొట్టుకెళ్ళింది. దీపం మెడ వంచింది, గ్లౌజులు తొడిగింది, మెషిన్ చేతిలోకి తీసుకుంది. దాని బరువు తనకి గుర్తున్నంత కాదు, కొంచెం ఎక్కువ. కుర్చీలో ఎవరూ లేరు. మొదటిరోజున నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళలా మెషిన్ పట్టుకుని నిలబడింది. గీత నిలబడకపోతే? వేరేవాళ్ళ చర్మం మీద తెలుసుకునే సంగతా ఇది?

అత్త వచ్చి కుర్చీలో కూర్చుంది. కుడిచేతి జాకెట్టు గుండీ విప్పి, స్లీవు పైకి మడిచింది. డెబ్భై ఒక్క ఏళ్ళ చెయ్యి, ముడతలు తప్ప ఒక్క మచ్చ లేదు.

"నియమం నియమమే. కొత్తగా నేర్చుకునేవాళ్ళు ముందు నేర్పేవాళ్ళ చేతిమీద వెయ్యాలి."

"మీరెప్పుడు నాకు నేర్పేవాళ్ళయ్యారు అత్తయ్యా?"

"పదమూడుమందికి వేశానమ్మాయ్. ఈ నెల నువ్వెంతమందికి వేశావు?"

తుమ్మెద మేలుకుంది. చిటికెన వేలు వెళ్ళి దాని పాత చోట్లో ఆనుకుంది. సూది దిగింది, అత్త కళ్ళు మూసుకుని సముద్రం అడుగున ఏదో వింటున్నట్టు మొహం పెట్టింది.

"లోతు తగ్గించు."

అవసరం లేదు, లోతు సరిగ్గానే ఉంది, అది ఇద్దరికీ తెలుసు. అయినా సూదక్క అర వెంట్రుకవాసి తగ్గించింది. ఎత్తకుండా లాగితే మెడ ఒక్క గీతలో వచ్చింది, సన్నగా, పొడుగ్గా, చివర వంపు తిరిగి. తర్వాత రెక్క, తర్వాత నీళ్ళు, నీళ్ళ మీద చిన్న మెరుపు. చెయ్యి ఎక్కడా అడ్డం చెప్పలేదు. రెండు గంటల హంస ముప్పావు గంటలో ముగిసింది.

అత్త కొత్త కళ్ళజోడు సర్దుకుని, చెయ్యి దీపం కిందకి తెచ్చి, అటు తిప్పి ఇటు తిప్పి చాలాసేపు చూసుకుంది.

"బాగానే వచ్చింది," అంది చివరికి. "మూతే మర్చిపోయావు."